మూడో హాలులో రెండు చుక్కలు

మీ చేతిలో ఉన్న జవాబుల పట్టిక ఒక మాట చెబుతోంది. మీ కళ్లముందున్న గీత ఇంకో మాట చెబుతోంది. మీరు దేన్ని నమ్ముతారు?

తొందరపడి "గీతనే" అనకండి. మీ వయసులో నేనూ అలాగే అనేవాణ్ణి. ఆదివారాలు సీతాఫల్‌మండిలో ఒక మిత్రుడి డాబా మీద మా చర్చా సంఘం కూడేది. ముహూర్తాలను, తాయెత్తులను, దిష్టి గుమ్మడికాయలను తూర్పారబట్టేవాళ్లం. "ఆధారం చూపించు" అన్నది నా నోట్లో ఊతపదం. ఎదుటివాడు పొరపాటున "పెద్దలు చెప్పారు" అన్నాడంటే చాలు, కుర్చీలోంచి లేచి నిలబడేవాణ్ణి. అంత పౌరుషం ఉన్నవాణ్ణి ఒక వేసవిలో రెండు రోజులపాటు ఏ ఆధారమూ అడగకుండా పెద్దలు చెప్పిందే నమ్మాను. రెండో రోజు చీకటిపడేలోపు మేలుకొన్నాను, మూడో రోజు ఆ మాట అందరిముందూ చెప్పాను. ఆ మూడో రోజు గురించి ఈనాటికీ గర్వపడతాను. గర్వపడటానికి ముందు సిగ్గుపడాల్సింది కూడా ఉంది కాబట్టి రెండూ వరసగా చెబుతాను.

అరవైల చివరి మాట. విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో గణితం చెప్పే తాత్కాలిక ట్యూటర్ని. ఏడాదికోసారి పొడిగింపు ఉత్తరం వస్తేనే నా ఉద్యోగం. అప్పట్లో తార్నాక చౌరస్తాకు కొంచెం ఇవతల ఒక చిన్న శిక్షణ సంస్థ ఉండేది. ఇప్పుడు ఆ సంస్థా లేదు, ఆ భవనమూ లేదు. ప్రయోగశాలల్లో పనిచేసే సహాయకులను అక్కడ తయారుచేసేవారు. శిక్షణ పూర్తయితే కొలువు దాదాపు ఖాయం. సీట్లు తక్కువ, రాసేవాళ్లు ఎక్కువ. మా విభాగంలోని సీనియర్ అధ్యాపకుడు ఒకాయన ప్రవేశ పరీక్షకు ప్రశ్నపత్రం తయారుచేసేవాడు. ఆయన్ని అందరం పెద్ద సారు అనేవాళ్లం. ఉర్దూలో చదువుకుని, ఇంగ్లీషులో పాఠం చెప్పి, తెలుగులో తిట్టే మనిషి. పత్రాలు దిద్దడానికి నన్నూ, మరో ఇద్దరు ట్యూటర్లనూ పిలిచేవాడు. క్యాంపస్‌లోనే ఒక రాతి గది, నాలుగు బల్లలు, గట్టిగా మోగే ఒక ఫ్యాను. పత్రాలు లెక్కపెట్టి ఇచ్చి తీసుకోవడానికి సంస్థ పంపిన గుమాస్తా ఒకావిడ. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం ఆమెది. ఆదివారాలు చర్చిలో గాయకబృందాన్ని నడిపేది.

ఆ ఏడాది ప్రశ్నపత్రంలో ఒక గ్రాఫు ఇచ్చి దాన్నుంచి విలువలు చదవమన్నారు. ప్రయోగశాలలో పనిచేసే మనిషికి అది రాకపోతే కష్టం. ఎంత వేడి దగ్గర ఎంత ఉప్పు కరుగుతుందో గీత చూసి చెప్పలేనివాడు సీసాలు కడగడానికి తప్ప పనికిరాడు. ప్రశ్న ఇంతే: రెండు దగ్గర ఈ ప్రమేయం విలువ ఎంత?

ప్రమేయం అన్న మాటే అప్పటికి కొత్త. అంతకుముందు మేమంతా ఫంక్షన్ అనే అనేవాళ్లం. తెలుగులో చదివే పిల్లల కోసం తెలుగులో మాట కావాలని ఈ పదం తెచ్చారు. మామూలు మాటల్లో ప్రమేయం అంటే సంబంధం, జోక్యం. "ఇందులో నీ ప్రమేయమేమిటి?" అంటే "నీకెందుకు?" అని. గణితంలో దాని అర్థం వేరు. మధ్యాహ్నం రెండు గంటలకు ఒక స్తంభం నీడ ఎంత పొడవు అని అడిగితే ఒకే జవాబు ఉండాలి. ఒకే నిమిషంలో ఒకే స్తంభానికి రెండు నీడల పొడవులు ఉండవు. అలా ప్రతి ప్రశ్నకూ ఒక్కటే జవాబిచ్చే సంబంధమే ప్రమేయం.

పెద్ద సారు గీసిన గ్రాఫులో చిన్న మెలిక ఉంది. గీత ఎడమనుంచి వచ్చి, రెండు దగ్గర, ఒకటి ఎత్తులో ఆగిపోతుంది. అక్కడ ఒక బోలు సున్న ఉంటుంది. అంటే ఆ చుక్క గీతలో చేరదు. సరిగ్గా దానిపైన, మూడు ఎత్తులో, నిండు చుక్కతో గీత మళ్లీ మొదలవుతుంది. కాబట్టి రెండు దగ్గర విలువ మూడు. పెద్ద సారు ఇచ్చిన జవాబుల పట్టికలోనూ మూడు అనే ఉంది. ఆ పట్టికను మేం కీ అనేవాళ్లం. ఆయన దాన్ని దారం చుట్టిన ఫైల్లో పెట్టి, మధ్యాహ్నం భోజనానికి వెళ్తే వెంట తీసుకుపోయేవాడు.

పరీక్ష మూడు హాళ్లలో జరిగింది. మొదటి రోజు ఒకటో హాలు పత్రాలు దిద్దాం. చాలామంది మూడు అని రాశారు. రెండో హాలు పత్రాల్లో జవాబులు కలగాపులగంగా ఉన్నాయి. రెండో రోజు పొద్దున మూడో హాలు కట్ట విప్పాం. మొదటి పత్రం: ఒకటి. రెండో పత్రం: ఒకటి. అయిదో పత్రం: ఒకటి. నలభై మందికి దగ్గరదగ్గర అందరూ ఒకటే అని రాశారు.

మధ్యలో ఒక పత్రం వేరుగా ఉంది. గుండ్రటి చేతిరాత, పైన ఒక అమ్మాయి పేరు. "రెండు దగ్గర రెండు నిండు చుక్కలు ఉన్నాయి, ఒకటి దగ్గర, మూడు దగ్గర. కాబట్టి ఇది ప్రమేయం కాదు. విలువ చెప్పలేను. పర్యవేక్షకుణ్ణి అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు. రాశాను."

నాకు నవ్వొచ్చింది. బోలు సున్నకూ నిండు చుక్కకూ తేడా తెలియని మనిషి ప్రశ్ననే తప్పుపడుతోందా అనుకున్నాను. సున్నా వేశాను. అంతటితో ఆగితే ఏమయ్యేది? ఎర్ర సిరాతో పక్కన రాశాను: "ప్రశ్నను తప్పుపట్టడంలో నీ ప్రమేయం లేదు." రాసి ఊరుకోలేదు, గది మొత్తానికీ చదివి వినిపించాను. ట్యూటర్లిద్దరూ బల్లలు చరిచారు. పెద్ద సారు కూడా మీసం చాటున నవ్వాడు. గుమాస్తావిడ ఒక్కరే నవ్వలేదు. ఆమెకు జోకు అర్థం కాలేదని అనుకున్నాను. అనుకోవడంలో నాకు ఎప్పుడూ లోటు లేదు.

మధ్యాహ్నానికి పెద్ద సారు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"హాలంత ఒక్కటే తప్పు రాస్తరా? ఎవడో ఒకడు అందిచ్చిండు, అందరు దించుకున్నరు. మూడో హాలు మొత్తం క్యాన్సిల్. రిపోర్టు రాసి రేపు పొద్దున సంస్థ సెక్రటరీకి ఇద్దాం."

గుమాస్తావిడ తలెత్తింది. "నలభై మందీ కూడబలుక్కున్నారంటారా సార్? మా చర్చి కమిటీలో తొమ్మిది మందిమండీ. పండక్కి ఏ పాట పాడాలన్నా ఒక్క మాట మీదకి రాం."

"అమ్మా, మీరు కట్టలు లెక్కవెట్టుండ్రి, చాలు" అన్నాడు ఆయన. ఆవిడ లెక్కపెట్టింది.

ఆ రిపోర్టు రాసే పని నాకు అప్పగించారు, నా తెలుగు పదునుగా ఉంటుందని. నేనూ పొంగిపోయాను. నలభై మంది భవిష్యత్తును పదునైన తెలుగులో కోసెయ్యడానికి కూర్చున్నాను. కాపీ కొట్టడం జాతికి పట్టిన చీడ అని మొదలుపెట్టాను. రెండో పేరాలో ఇలా రాశాను: "మూడో హాలులో రాసినవారంతా ఒకే తప్పు జవాబు రాశారు, ఒక్క అభ్యర్థి తప్ప."

కలం అక్కడ ఆగింది.

ఒక్క అభ్యర్థి తప్ప. హాలంతా దించుకున్నప్పుడు ఈమె ఎందుకు దించుకోలేదు? పోనీ, తెలియక రాసిందా? తెలియనివాళ్లు ఒకటి అంటారు, మూడు అంటారు, లేకపోతే వదిలేస్తారు. లేని చుక్కను ఎవరూ కల్పించరు. పైగా పర్యవేక్షకుణ్ణి అడిగిందట. కాపీ కొట్టే హాలులో చేయెత్తి పర్యవేక్షకుణ్ణి ఎవరు పిలుస్తారు? డాబా మీద నా ముందు ఎవడైనా ఇలాంటి సాక్ష్యాన్ని పక్కన పెట్టి తీర్పు చెప్పి ఉంటే వాణ్ణి ఏమనేవాణ్ణి? కీ అన్న కాగితాన్ని నేను రెండు రోజులుగా తాయెత్తులా నమ్ముతున్నానని అప్పుడు తెలిసింది.

"మేడం, మూడో హాలులో ప్రశ్నపత్రాలు ఏమన్నా మిగిలినయా?"

"నాలుగు మిగిలాయండీ మాస్టారూ" అంది ఆవిడ బీరువా తీస్తూ. "పొద్దున్నే అడుగుతారనుకున్నాను. మీరేమో నవ్వడంలో పడ్డారు."

నాలుగూ చూశాను. నాలుగింటిలోనూ రెండు నిండు చుక్కలే. బోలు సున్న అన్నదే లేదు. ఒకటో హాలులో మిగిలిన కాగితం తీశాం, సున్న శుభ్రంగా బోలుగా ఉంది. రెండో హాలు కాగితంలో సున్న మధ్య ఖాళీ సూదిబెజ్జమంత మిగిలింది. మూడింటినీ వరసగా బల్లమీద పెడితే ఒక కన్ను నెమ్మదిగా మూసుకుంటున్నట్టు కనిపించింది.

సైకిలు తీసుకుని ప్రెస్సుకు వెళ్లాను. సీతాఫల్‌మండి స్టేషను దగ్గర చిన్న ప్రెస్సు. రైలు వెళ్తే అచ్చు అక్షరాలు పెట్టే టైపు కేసులు అదిరేవి. మిషను నడిపే ముసలాయన నన్ను చూడగానే గుర్తుపట్టాడు. కాగితాలు ముందు పెట్టాను. ఆయన అద్దాలు కూడా పెట్టుకోలేదు.

"సిరా నిండింది సాబ్. గ్రాఫు చెక్కిన బ్లాకుల ఆ సున్న నడుమ జాగా శాన చిన్నగున్నది. కొట్టంగ కొట్టంగ నిండుతది. నడుమ నడుమ మిషన్ ఆపి గుడ్డతోని తుడువాలె."

"మరి తుడువలేదా?"

"ఎట్ల తుడుస్త? మీరు గా స్టూలు మీద కూసొని జల్దీ జల్దీ అంటిరి గద. తుడుస్తనంటే, 'మొదటి కాగితం నేను చూసిన, సంతకం పెట్టిన, ఇగ కొట్టు' అంటిరి. యాద్ లేదా?"

యాదికొచ్చింది. అచ్చు దగ్గరుండి చూసుకొమ్మని ఒక ఆదివారం పెద్ద సారు నన్నే పంపాడు. ఆ సాయంత్రం మా చర్చా సంఘంలో నా ప్రసంగం ఉంది. అంధవిశ్వాసం మీద. దానికి ఆలస్యమవుతుందని ఆయన్ని తొందరపెట్టాను. మొదటి కాగితం చూసి, చివరి కాగితమూ అలాగే ఉంటుందని నమ్మాను. చివర అచ్చయిన కట్ట మూడో హాలుకు వెళ్లింది.

అయినా ఒక సంగతి తేలలేదు. సున్న నిండిపోతే నిండిపోయింది, అందరికీ ఒకటే ఎందుకు వచ్చింది? కొందరికైనా మూడు రావాలి కదా? తిరిగి వస్తూ ఆర్ట్స్ కాలేజీ దారిలో సైకిలు తొక్కుతుంటే జవాబు దొరికింది. తొక్కడం ఆపి, ఒక చెట్టుకింద నిలబడి, నన్ను నేను గట్టిగానే తిట్టుకున్నాను.

గ్రాఫు చదవడం పిల్లలకు ఎలా నేర్పేవాళ్లం? "ఎక్కు, ఆగు, తిరుగు." కింది గీత మీద రెండు దగ్గర వేలు పెట్టు. నిలువుగా ఎక్కు. గీత తగలగానే ఆగు. ఎడమకు తిరిగి అంకె చదువు. ఊళ్లో ఏ బడికి వెళ్లినా ఇదే పాట. నేనూ ఇదే నేర్పాను, తాళం వేసి మరీ. ఆ పిల్లలంతా వేలు పెట్టి ఎక్కారు. ఒకటి దగ్గర నిండు చుక్క తగిలింది. ఆగారు, తిరిగారు, ఒకటి అని రాశారు. పక్కవాడి కాగితం చూడాల్సిన పని ఎవరికీ లేదు. వాళ్లను కట్టగట్టి ఒకే జవాబుకు తోలింది మా పాఠమే. ఒక్క పిల్ల వేలు మాత్రం ఆగలేదు. కాగితం చివరిదాకా పోయింది.

మూడో రోజు పొద్దున పెద్ద సారు తెల్ల చొక్కా, నల్ల కోటు వేసుకుని వచ్చాడు, సెక్రటరీని కలవడానికి.

"రిపోర్టు తయారైందా?"

"రాసిన సర్. సంతకం పెట్టేముందు ఈ గ్రాఫు ఒక్కసారి చదువుండ్రి." మూడో కట్టలోని కాగితం ఆయన ముందు పెట్టాను. "రెండు దగ్గర ఎంత?"

"ఏందయ్యా! నేను గీసిన గ్రాఫు నన్నే చదువమంటున్నవా?"

"కీ చూడకుండ సర్."

ట్యూటర్లిద్దరూ కలాలు కింద పెట్టారు. ఆయనకు కోపం వచ్చింది, పంతమూ వచ్చింది. అద్దాలు సర్దుకుని, వేలు రెండు మీద పెట్టాడు. ఎక్కాడు. ఆగాడు. ఎడమకు తిరిగాడు.

"ఒకటి" అన్నాడు.

అన్న మాట ఆయన చెవిలో పడటానికి ఒక క్షణం పట్టింది.

గుమాస్తావిడ నెమ్మదిగా అంది: "అయితే సారుది కూడా మూడో హాలేనన్నమాట."

ఆయన కాగితం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. వెలుతురులో పెట్టి చూశాడు, తిప్పి చూశాడు, గోటితో గీకాడు. వెనక్కి తిరక్కుండానే అడిగాడు. "గిది ఎట్లయింది?"

సిరా సంగతి చెప్పి, ప్రెస్సు ముసలాయన తప్పని అక్కడ ఆపేసి ఉండొచ్చు. ఆపెయ్యాలని ఒక్క క్షణం అనిపించింది కూడా. "ప్రెస్సుల తొందరవెట్టింది నేను సర్. తుడుస్తనంటే వద్దన్నది నేను. మొదటి కాగితం మీద సంతకం పెట్టింది నేను. చివరి కాగితం చూడనిది కూడ నేనే."

"నీ పొడిగింపు కాగితం నా టేబుల్ మీదనే ఉన్నది. ఎరుకేనా?"

"ఎరుకే సర్."

"ఎరుకుండి చెప్తున్నవు."

"చెప్తున్న సర్. వాళ్లు నలభై మంది. ఇగ పరీక్ష ఎప్పుడు రాస్తరో, అసలు రాస్తరో లేదో."

ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత చెయ్యి చాచాడు. "పెన్ను ఇయ్యి."

నా పదునైన రిపోర్టును నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. కొత్త కాగితం తీసి స్వయంగా నాలుగు వాక్యాలు రాశాడు. ఒక వాక్యం ఈనాటికీ నాకు కంఠతా వచ్చు: "ఈ గ్రాఫును గీసినవాణ్ణి నేనే, మూడో కట్ట కాగితం చదివితే నాకూ ఒకటే వచ్చింది." కీలో ఆ జవాబు కొట్టేసి పక్కన సంతకం పెట్టాడు. తన వయసు, తన హోదా, ట్యూటర్ల ముందు తన పరువు, అన్నీ అక్కడ పణంగా పెట్టాడు. నా జీవితంలో పెద్దలు చాలామంది తారసపడ్డారు. చెప్పిన మాట వెనక్కి తీసుకుని సంతకం పెట్టిన పెద్దను మళ్లీ చూడలేదు. వేదికలెక్కి నేను ఊదరగొట్టిన హేతువాదాన్ని ఆయన ఆ గదిలో గొంతు పెంచకుండా చేసి చూపించాడు.

మూడో హాలు రద్దు కాలేదు. ఆ ప్రశ్నకు ఆ హాలులో అందరికీ, సున్న పూడుతూ వచ్చిన రెండో హాలులోనూ అందరికీ మార్కులు కలిపాం. మిగతావాళ్లకు ఆ మార్కులు మేమిచ్చినవి. గుండ్రటి చేతిరాత పత్రానికి మాత్రం ఎవరూ ఇవ్వలేదు, ఆమె సంపాదించుకుంది. నా సున్నాను కొట్టేసి పూర్తి మార్కులు వేశాను. పెద్ద సారు వెనకనుంచి చూస్తున్నాడు.

"ఆ రాత గూడ కొట్టెయ్యి. సంతకం వెట్టు. నీ పేరు కనవడాలె" అన్నాడు.

కొట్టేశాను, సంతకం పెట్టాను. ఎర్ర సిరా మీద ఎర్ర సిరాతో కొట్టేస్తే రాత పోదు, ఇంకా బాగా కనిపిస్తుంది.

ఆ నెలాఖరులో తార్నాకలో ఇంటర్వ్యూలు జరిగాయి. పెద్ద సారు పక్కన నన్నూ కూర్చోబెట్టారు. ఆమె వచ్చింది. బౌద్ధనగర్ అమ్మాయి. తండ్రి రైల్వే వర్క్‌షాపులో పని. ఇస్త్రీ చేసిన నూలు చీర, చేతిలో సర్టిఫికెట్ల సంచి. బల్లమీద ఆమె జవాబు పత్రమే తెరిచి ఉంది. పెద్ద సారు కావాలనే ఆ పేజీ తెరిచిపెట్టాడని నా అనుమానం. ఆమె తలకిందులుగానే చదివేసింది.

"సర్, గిది రాసింది ఎవరు?"

"నేనే" అన్నాను.

"కొట్టేసింది?"

"అది కూడ నేనే."

ఆమె కొంచెంసేపు ఆ ఎర్ర రాతనే చూసింది. "మరి రెండు జవాబులు ఒక్కరివే అయితే, మీరు కూడ ప్రమేయం కాదు గద సర్" అంది.

పెద్ద సారు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నాకు అంత చక్కగా సున్నా వేసినవాళ్లు ఎవరూ లేరు. ఆమెకు సీటు వచ్చింది, అది మేం దయతలచి ఇచ్చింది కాదు. మూడో హాలునుంచి ఇంకా అయిదుగురికి వచ్చింది. నా పొడిగింపు ఉత్తరం మాత్రం ఆ ఏడాది ఒక వారం ఆలస్యంగా వచ్చింది. ఆ వారం నాకు వేసిన శిక్ష అనుకుంటాను. న్యాయమైన శిక్షే.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా గ్రాఫు చదవడం వేరుగా నేర్పాను. ఎక్కు. ఆగకు. కాగితం పైఅంచుదాకా పో. దారిలో ఎన్ని చుక్కలున్నాయో చూడు. తర్వాతే తిరుగు. "సర్, దీనికి టైం ఎక్కువ పడతది" అని పిల్లలు గొణిగేవారు. "పడనీ" అనేవాణ్ణి. నన్ను గర్విష్టి అనేవారు కొందరు. అవును, ఈ ఒక్క విషయంలో గర్విష్టినే. తప్పు చేసినందుకు కాదు, దాన్ని నలుగురిలో పేరుపెట్టి నాదని చెప్పినందుకు.

ఇప్పుడు మీ వంతు. మీలో పత్రాలు దిద్దేవాళ్లున్నారు, దరఖాస్తులు తిరగ్గొట్టేవాళ్లున్నారు, నివేదికలు రాసేవాళ్లున్నారు. ఈ వారం మీరు సున్నా వేసిన కాగితాల్లో ఒకటి బయటికి తీయండి. అందరికంటే వేరుగా ఉన్నదాన్నే తీయండి. పట్టిక మూసి పక్కన పెట్టి, ఆ మనిషి ఏం చూసి అలా రాశాడో మీ వేలితో మీరే ఎక్కి చూడండి, అంచుదాకా. తప్పు మీదని తేలితే, ఆ సున్నాను కొట్టేసి పక్కన మీ సంతకం పెట్టండి. పేరు కనపడేలా పెట్టండి.